ఎత్తుకు పైఎత్తు... మంత్రానికి ప్రతిమంత్రం!

జానపద సినిమా చూస్తున్నారనుకోండి. మాంత్రికుడు చెయ్యి విదిల్చాడు, మంటలు లేచాయి. కథానాయకుడు కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు, వాన కురిసింది. వాడు పామయ్యాడు, వీడు గద్దయ్యాడు. హాల్లో ఈలలే ఈలలు! ఆ సందట్లో పక్క సీటాయన ఊరుకోడు. "ఒరేయ్, ముందు వాడి చేతిలో మంత్రదండం లాక్కోరా! తర్వాత తీరిగ్గా కొట్టుకోవచ్చు" అని తెర మీది హీరోకి సలహాలు చెబుతుంటాడు. సలహా బంగారం లాంటిదే. కానీ తెర మీదివాడికి వినపడితే కదా! వాడు దండం లాక్కునేది ఆఖరి రీల్లోనే. ఆ సంగతి దర్శకుడు ఎప్పుడో నిర్ణయించేశాడు.

మరి ఆ సలహా వినిపించుకునే మాయలోకం ఒకటుంది. అది వెండితెర మీద లేదు, కంప్యూటర్ తెర మీద ఉంది. అక్కడ ఏ మంత్రం వెయ్యాలో, ఎవర్ని ముందుకు పంపాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో చెప్పేది మీరే. టర్న్ బేస్డ్ ఫాంటసీ స్ట్రాటజీ గేమ్స్ అని వాటి పేరు. పేరు చూసి బెదిరిపోకండి. వంతులవారీగా ఆడే మంత్రతంత్రాల వ్యూహక్రీడ... అంతే సంగతులు!

సినిమాల మీద వ్యాసాలు రాసుకునే నాకు ఈ ఆటల పిచ్చి పదిహేనేళ్లకు పైబడి ఉంది. ఆ సంగతి తెలిసిన ప్రతివాళ్లూ ఒకటే అడుగుతారు. "ఎడాపెడా కాల్చిపారేసే ఆటలుండగా, లెక్కలూ పట్టికలూ చూసుకుంటూ ఆడే ఆ చిక్కు ఆటలో ఏం సరదా ఉందండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు ఇప్పుడు చెప్పుకుందాం.

వైకుంఠపాళీ కాదు, పులిజూదం!

మన ఇళ్లలో ఆడుకున్న రెండు ఆటలు గుర్తు చేసుకోండి. ఒకటి వైకుంఠపాళీ. పందెం పడింది, నిచ్చెనెక్కాం. ఇంకో పందెం పడింది, పాము నోట్లో పడ్డాం. ఇందులో మన ప్రమేయం ఏమైనా ఉందా? గవ్వలు విసరడం తప్ప ఏమీ లేదు. రెండోది పులిజూదం. 3 పులులు, 15 మేకలు. పులి గెంతి మేకను చంపుతుంది. మేక దేన్నీ చంపలేదు. కానీ మేకలన్నీ కూడబలుక్కున్నట్టు చుట్టుముడితే పులి కదల్లేక కూలబడుతుంది. అరుగు మీద సుద్దముక్కతో గీసుకున్న ఆ నాలుగు గీతల్లోనే ఓ గొప్ప సంగతి ఉంది. రెండు పక్షాల బలం ఒక్కలాంటిది కాదు. అయినా ఆట సమానమే!

మనం చెప్పుకుంటున్న కంప్యూటర్ ఆటలు ఈ పులిజూదానికి మునిమనవలు. 3 పులుల బదులు వందరకాల ప్రాణులు, 15 మేకల బదులు సైన్యాలు, సుద్దగీతల బదులు అడవులూ సముద్రాలూ పాతాళ గుహలూ. ఇక అసలైన పోలిక ఏమిటంటే... మీరు పావు కదిపేదాకా ఆట మీకోసం ఆగుతుంది. కాల్పుల ఆటలో రెప్పవేస్తే ప్రాణం పోతుంది. ఇక్కడ మీరు లేచి వెళ్లి కాఫీ కలుపుకుని తాగి వచ్చినా, ఎదురుగా నోరు తెరుచుకున్న డ్రాగన్ అలాగే నోరు తెరుచుకుని మీ కోసం నిలబడి ఉంటుంది!

హీరో కత్తి దూయడు!

ఈ జాతి ఆటల్లో సూపర్‌హిట్ ఏదంటే తడుముకోకుండా చెబుతాను. 'హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మేజిక్' మూడో భాగం. 1999లో విడుదలైంది. అమెరికాలోని న్యూ వరల్డ్ కంప్యూటింగ్ అనే సంస్థ తయారుచేసింది. ఈ సంస్థకి మూలపురుషుడు జాన్ వాన్ కెనెగెం. ఆయన 1986లో 'మైట్ అండ్ మేజిక్' మొదటి ఆటను దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. 1990లో 'కింగ్స్ బౌంటీ', 1995లో హీరోస్ మొదటి భాగం, 1996లో రెండోది... అలా అంచెలంచెలుగా ఎదుగుతూ వచ్చి మూడో భాగంతో జెండా ఎగరేశారు. దాని ప్రధాన రూపకర్త గ్రెగ్ ఫుల్టన్. ఒక్కో కోటలో అడుగుపెట్టగానే ఒక్కో బాణీ పలికించిన సంగీత దర్శకుల్లో ముఖ్యుడు పాల్ రొమేరో.

కథా కమామీషు ఇది. మీకో కోట, ఓ వీరుడు, గుప్పెడు సైనికులు ఇస్తారు. చుట్టూ చీకటి. వీరుడు గుర్రమెక్కి నడిచినంత మేరా వెలుగు పరుచుకుంటుంది. దారిలో గనులు, వాటికి కాపలాగా భూతాలు. బంగారం, కలప, ముడిఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికం, రత్నాలు... మొత్తం 7 రకాల సంపద. రోజుకి ఇంత దూరమే నడవాలని లెక్క. ఆ నడక అయిపోయిందా, రోజు ముగించాలి. అప్పుడు శత్రువు వంతు. 7 రోజులకో వారం, 4 వారాలకో నెల.

ఇక తారాగణం చూడండి! 8 రకాల కోటలు. ఒక్కో కోటలో 7 అంచెల ప్రాణులు. ప్రతి ప్రాణికీ మెరుగులు దిద్దిన మరో రూపం. గుణించి చూస్తే 112. దేవదూతలూ డ్రాగన్లూ సరే, మనవాళ్లకి బాగా తెలిసిన నాగకన్య కూడా ఉంది. టవర్ అనే మంచుకోటలో ఆరో అంచె సైనికురాలు ఆవిడే. నడుము కింద పాము, పైన చేతులన్నిటా కత్తులు! ఆవిడ కొడితే అవతలివాడు తిరిగి కొట్టలేడు. అదీ ఆవిడ ప్రత్యేకత.

అన్నట్టు, మన సినిమాల్లో హీరో ఒక్కడే నలభై మందిని చితకబాదుతాడు కదా! ఇక్కడ హీరో కత్తే దూయడు. యుద్ధభూమి అంచున గుర్రం మీద కూర్చుని ఉంటాడు. కొట్టుకునేది సైన్యం. హీరో చేసేదల్లా తన బలాన్ని సైన్యానికి పంచడం, సుత్తు సుత్తుకీ ఒక్కటంటే ఒక్క మంత్రం వేయడం. కాబట్టి ఆ ఒక్క మంత్రం ఏదన్నదే ప్రశ్న. ఏ ఆటగాడైనా గడ్డం కింద చెయ్యి పెట్టుకునేది అక్కడే.

బొక్కసం తాళంచెవి మీ చేతిలో

ఈ ఆటలు చిక్కుగా ఉంటాయంటారు. ఉంటాయి. కానీ ఆ చిక్కు ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చూడండి.

మొదట్లో మీ కోటకి రోజుకి 500 బంగారం వస్తుంది. 2,500 పోసి టౌన్ హాల్ కడితే రోజుకి 1,000. ఇంకో 5,000 పోసి సిటీ హాల్ చేస్తే 2,000. మరో 10,000 పోసి కేపిటల్ చేస్తే 4,000. కాగితం మీద కూడికలు వేసి చూడండి. ఏ మెట్టు మీద పెట్టిన సొమ్మయినా సరిగ్గా 5 రోజుల్లో తిరిగి వచ్చేస్తుంది. ఇంకేం, కట్టేద్దామా?

ఆగండి! కోటలో రోజుకి ఒక్క కట్టడమే కట్టాలి. డబ్బు వచ్చే కట్టడం కడితే ఆ రోజుకి సైన్యం పుట్టే కట్టడం లేనట్టే. పైగా ప్రతి వారం మొదటిరోజున కోటలో కొత్త బలగం పుడుతుంది. ఓ ప్రాణి నివాసాన్ని 7వ రోజున కట్టినవాడికి ఆ రోజే ఓ విడత సైనికులు, మర్నాడు ఇంకో విడత. ఒక్కరోజు ఆలస్యం చేసి 1వ రోజున కట్టినవాడికి ఒక్క విడతే. పుట్టిన సైనికులు ఊరికే రారు. దేవదూత ఒక్కడికి 3,000 బంగారం, 1 రత్నం చెల్లించాలి. రత్నాల గని ఏ భూతం కాపలాలో ఉందో!

ఇందులో ఏ ఒక్క లెక్కా కష్టం కాదు. ఐదో తరగతి పిల్లాడు చేస్తాడు. కష్టమల్లా అన్నీ ఒకేసారి కావలసి రావడం, అన్నీ ఒకేసారి దొరక్కపోవడం. నెల మొదటివారంలో చేతిలో డబ్బు పెట్టుకుని అద్దె, కిరాణా, పిల్లల ఫీజు అంటూ వేళ్లు మడిచే ఇల్లాలిని అడగండి. ఈ ఆట కిటుకేమిటో ఆవిడ మనకంటే బాగా చెబుతుంది. తేడా అల్లా ఒకటే. ఇంటి లెక్క ఎంత బాగా వేసినా మన చేతిలో లేనివి సవాలక్ష అడ్డుపడతాయి. ఆటలో మాత్రం సరిగ్గా వేసిన లెక్కకి ఫలితం చాలావరకు కళ్లెదుట కనబడుతుంది. అదృష్టం పాలు బొత్తిగా లేదనను. కానీ తులమెత్తు అదృష్టానికి మణుగంత ఆలోచన.

రచయిత రాయని క్లైమాక్సు

రామాయణ భారతాల్లో అస్త్రానికి ప్రత్యస్త్రం ఉంటుంది. ఆగ్నేయాస్త్రాన్ని వారుణాస్త్రం ఆర్పుతుంది. నాగాస్త్రాన్ని గరుడాస్త్రం తినేస్తుంది. మన పౌరాణిక చిత్రాల యుద్ధ ఘట్టాలన్నీ ఈ సూత్రం మీదే నడిచాయి. హీరోస్‌లోనూ ఇదే సూత్రం. కాకపోతే ఏ అస్త్రానికి ఏది విరుగుడో ఎవరూ చెప్పరు. మీరే కనిపెట్టాలి!

యుద్ధభూమి తేనెపట్టులా ఆరుకోణాల గళ్లు. పొడవున 15, వెడల్పున 11. ఎవరికి వేగం ఎక్కువో వాళ్లు ముందు కదులుతారు. కొట్టిన వాడిని దెబ్బతిన్నవాడు ఒక్క సుత్తులో ఒక్కసారే తిరిగి కొడతాడు. గ్రిఫిన్ మాత్రం రెండుసార్లు కొడుతుంది, దాని మెరుగైన రూపమైతే ఎన్నిసార్లయినా! విలుకాడు దూరంగా ఉంటే బాణం బలం సగమే. ఇలాంటి చిన్న చిన్న నియమాలు వందలున్నాయి. విడివిడిగా చూస్తే వాటిలో పెద్ద విశేషమేమీ లేదు. ఒకదానితో ఒకటి ఢీకొన్నప్పుడు చూడాలి తమాషా!

ఆర్మగెడాన్ అనే అగ్నిమంత్రం ఉంది. ప్రళయమన్నమాట. అది వేస్తే యుద్ధభూమి అంతా నిప్పులవాన. శత్రువులే కాదు, మన వాళ్లూ కాలిపోతారు. ఎవడికి పనికొస్తుంది అలాంటి మంత్రం? మరోపక్క నల్ల డ్రాగన్ ఉంది. దానికి ఏ మంత్రమూ అంటదు. బాగానే ఉంది గానీ, మనం దాని వేగమో బలమో పెంచుదామని మంచి మంత్రం వేసినా అంటదు. ఇదేం లాభం?

ఇప్పుడు ఈ రెండు లోపాలనీ పక్కపక్కన పెట్టండి. సైన్యంలో నల్ల డ్రాగన్లు మాత్రమే ఉంచుకున్న హీరో ఆర్మగెడాన్ వేశాడనుకోండి... నిప్పులవానలో శత్రుసైన్యం బూడిదవుతుంది, డ్రాగన్లు స్నానం చేసినట్టు నిగనిగలాడుతూ నిలబడతాయి! మన సొంత బుర్రకి ఈ సంగతి తట్టిన రోజున నా సామిరంగా... శతదినోత్సవ వేదిక మీద జ్ఞాపిక అందుకున్నంత సంతోషం!

దీనికి విరుగుడు లేదా అంటే ఉంది. ఆర్బ్ ఆఫ్ ఇన్‌హిబిషన్ అనే ఓ గోళం ఉంది. అది ఏ పక్షం హీరో దగ్గరున్నా ఆ యుద్ధంలో రెండు పక్షాలకీ మంత్రాలు పనిచెయ్యవు. అది చేజిక్కించుకున్నవాడు ప్రళయకారుడి ఎదుటికి కాలర్ ఎగరేసుకుంటూ వెళ్లొచ్చు. టైటన్ అనే మహాకాయుడు ఉన్నాడు. నల్ల డ్రాగన్ అంటే వాడికి పుట్టెడు పగ. దాన్ని కొట్టేటప్పుడు వాడి దెబ్బ ఒకటిన్నర రెట్లు. ఎత్తుకు పైఎత్తు, దానికి మళ్లీ పైఎత్తు! ఏ రచయితా రాయని ఈ క్లైమాక్సు మీ ఆటలో మీకోసం పుడుతుంది. రేపటి ఆటలో ఇంకోటి పుడుతుంది. చిక్కుదనంలో సరదా ఏమిటని అడిగారే... నియమాలు నాలుగే ఉంటే కథలూ నాలుగే ఉంటాయి మరి!

గోడ వైపు తిరిగి కూర్చున్న ముగ్గురు

ఇంతవరకు చెప్పింది బుర్రకి సంబంధించిన సంగతి. ఇక మనసుకి సంబంధించింది ఒకటుంది.

డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టల్ గదిలో పాత కంప్యూటర్ ఒకటుండేది. దాని ముందు నలుగురం. ఒకే కంప్యూటర్ మీద నలుగురు వంతులవారీగా ఆడుకునే సౌకర్యాన్ని హాట్ సీట్ అంటారు. ఒకడు ఆడుతుంటే వాడి రహస్యాలు కంటపడకుండా మిగతా ముగ్గురం గోడ వైపు తిరిగి కూర్చోవాలి. అదీ ఒప్పందం.

ఆ నలుగురిలో ఒకడికి నత్తి. మంచివాడు, తెలివైనవాడు. కానీ క్లాసులో వాడు నోరు తెరిచి మొదటి అక్షరం పలికేలోగా పక్కవాడు జవాబు చెప్పేసేవాడు. కేంటీన్‌లో వాడు కథ మొదలెడితే చివరి మాట ఇంకెవడో అందుకునేవాడు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. తొందర, అంతే. ఈ లోకం నోరున్నవాడిదీ, వేగం ఉన్నవాడిదీ కదా!

ఆటలో మాత్రం ఆ పప్పులుడకలేదు. వాడి వంతు వాడిదే. మౌస్ ఇంకొకడు ముట్టుకోకూడదు. వాడు పది నిమిషాలు తెర వంక చూస్తూ కూర్చునేవాడు. మేం గోడ వంక చూస్తూ సణుక్కునేవాళ్లం. ఓ ఆటలో వాడి పెద్ద హీరో మ్యాప్‌లో ఈ చివరనున్నాడని మాలో ఒకడు కనిపెట్టాడు. ఆ చివరనున్న వాడి కోట ఖాళీ! ఇంకేం, సైన్యమంతా వేసుకుని దూకుడుగా బయల్దేరాడు. మూడురోజుల ప్రయాణం. రెండురోజులు వాడు కిక్కురుమనలేదు. ఆ రెండోరోజుతో వారం ముగిసింది. మూడోరోజు తెల్లవారగానే కోటలో కొత్త బలగం పుట్టింది. వాడి వంతు మా వాడికంటే ముందు. టౌన్ పోర్టల్ అనే మంత్రం వేశాడు. ఒక్క అంగలో పెద్ద హీరో కోటలో ప్రత్యక్షం! ఉన్న బలగానికి కొత్త బలగం కలిసింది. దండెత్తి వచ్చినవాడు బోనులో పడ్డ ఎలుకయ్యాడు.

"ఎలా చేశావురా?" అని ముగ్గురం చుట్టూ మూగాం. వాడు చెప్పడం మొదలెట్టాడు. మాట తడబడింది, ఆగింది, మళ్లీ నడిచింది. ఆ రాత్రి మాత్రం వాడి మాటని ఎవ్వరం మధ్యలో అందుకోలేదు. ఎందుకంటే తర్వాతి మాట ఏమిటో మాకెవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఉంది!

ఈ ఆటల ఆకర్షణ ఏమిటని అడిగితే నేను డ్రాగన్ల కంటే ముందు ఈ సంగతే చెబుతాను. వంతు! ఎంత గొప్పవాడికైనా ఒక్క వంతే, ఎంత అమాయకుడికైనా ఒక్క వంతే. నీ వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి. వచ్చాక మాత్రం నిన్ను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇంటర్వ్యూ గదిలో, బస్సు మెట్ల దగ్గర, ఆఖరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా దొరకని ఈ మర్యాద ఓ కంప్యూటర్ ఆటలో దొరకడం చిత్రం కాదూ?

'ఇంకొక్క వంతు' అనే మాయదారి మంత్రం

అన్నీ మంచి గుణాలే చెబితే అది సమీక్ష కాదు, ప్రకటన అవుతుంది. ఈ ఆటలకో ప్రమాదం ఉంది. ఆట మీకోసం ఆగుతుంది సరే, గోడ మీది గడియారం ఆగదు! 1991లో సిడ్ మయర్ 'సివిలైజేషన్' వచ్చిన దగ్గర్నుంచి ఇంగ్లీషులో 'వన్ మోర్ టర్న్' అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇంకొక్క వంతు ఆడి పడుకుందాం అనుకోవడం, కిటికీలోంచి చూస్తే కాకులు అరుస్తుండటం!

దీని గుట్టు తెలుసుకుంటే విరుగుడూ తెలుస్తుంది. ఈ ఆటల్లో ఏ పనీ మిగతా పనులతో పాటు పూర్తికాదు. కోట కట్టడం ఇవ్వాళ అయితే, గని స్వాధీనం రేపు, కొత్త మంత్రం ఎల్లుండి. ఎప్పుడు ఆపినా ఏదో ఒకటి రేపే అందబోతూ ఉంటుంది. సీరియల్ వాళ్లు వారం వారం చేసే పనిని ఇది నిమిష నిమిషానికీ చేస్తుంది. అందుకే హీరోస్ ఆడేవాళ్లకి నేను చెప్పే చిట్కా ఒకటే. వారం చివర ఆపుదామని ముహూర్తం పెట్టుకోకండి. 7వ రోజున ఆపడం దేవుడి తరం కూడా కాదు, ఎందుకంటే మర్నాడే కొత్త సైన్యం. 2వ రోజో 3వ రోజో ఆపండి. సైన్యం కొనేశారు, డబ్బు అయిపోయింది, వీరుడు దారిలో ఉన్నాడు. ఆట సేవ్ చేసి దీపం ఆర్పేయండి. పరీక్షల ముందు రోజుల్లో అయితే అసలు దీపమే వెలిగించకండి!

కైలాసమూ ఉంది, లంకా ఉంది

హీరోస్ ఒక్కటే అనుకునేరు. అంతకు ముందే, 1994లో 'మాస్టర్ ఆఫ్ మేజిక్' అనే ఆట వచ్చింది. సిమ్‌టెక్స్ తయారుచేస్తే మైక్రోప్రోస్ విడుదల చేసింది. అందులో మీరే మాంత్రికుడు. ఆర్కేనస్, మిర్రర్ అని ఒకదాని వెనక ఒకటి రెండు లోకాలు, 14 జాతుల ప్రజలు, 200కు పైగా మంత్రాలు. అన్నిటికీ మించి స్పెల్ ఆఫ్ మాస్టరీ అనే మహామంత్రం. అది పూర్తిచేసినవాడు లోకాలన్నీ గెలిచినట్టే. కానీ మీరు దాన్ని జపించడం మొదలెట్టిన క్షణాన మిగతా మాంత్రికులందరికీ తెలిసిపోతుంది. ఇక తపస్సు భంగం చెయ్యడానికి అందరూ మీ మీదికే! మన పురాణాల్లో ఇంద్రుడి కంగారు గుర్తుకు రావడం లేదూ? ఈ ఆటని 2022లో కొత్త హంగులతో మళ్లీ తయారుచేశారు.

ఇంకా లోతు కావాలంటే 'డొమినియన్స్' ఉంది. ఇద్దరు స్వీడన్ మిత్రులు స్థాపించిన ఇల్‌వింటర్ అనే చిన్న సంస్థది. ఆరో భాగం 2024లో వచ్చింది. ఇందులో లోకమంతటి పురాణాలూ రాజ్యాలై కూర్చున్నాయి. మనవీ ఉన్నాయి! కైలాస అనే రాజ్యంలో వానరులు, యక్షులు. లంక అనే రాజ్యంలో రాక్షసులు. పాతాళ అనే రాజ్యంలో నాగులు. ఇక్కడ అందరూ తమ తమ ఆజ్ఞలు రహస్యంగా రాసి పంపుతారు. అన్నీ ఒకేసారి అమలవుతాయి. పోరు మొదలయ్యాక మీరు వేలు పెట్టడానికి లేదు. ముందే ఇచ్చిన ఆజ్ఞల ప్రకారం సైన్యం కొట్టుకుంటుంటే గుడ్లప్పగించి చూడాల్సిందే. స్క్రిప్టు మీది, షూటింగ్ వాళ్లది. రషెస్ చూసుకుంటున్న కథారచయిత అవస్థ అన్నమాట!

ఇవన్నీ విని జడుసుకున్నవాళ్లకి, జేబు చూసుకున్నవాళ్లకి ఓ శుభవార్త. 'బ్యాటిల్ ఫర్ వెస్‌నాథ్' అనే ఆటకి కానీ ఖర్చు లేదు. డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టాడు. తర్వాత ఎందరో ఔత్సాహికులు చేతులు కలిపి పెంచారు. పాత కంప్యూటర్ మీద కూడా ఆడుతుంది. అందులో నాకు నచ్చిన నియమం పగలూ రాత్రీ. మంచిపక్షపు మనుషుల దెబ్బకి పగటిపూట 25 శాతం బలం ఎక్కువ, రాత్రి 25 శాతం తక్కువ. ఓర్కులూ ట్రోల్‌లూ అందుకు తిరగేత. వాళ్లు రాత్రిపూట విజృంభిస్తారు. రాక్షసుల్ని మన పెద్దలు నిశాచరులని ఊరికే అన్నారా? సాయంత్రం అవుతుంటే సేనని గ్రామాల్లోకి వెనక్కి పిలిచి, తెల్లవారుతూనే విరుచుకుపడటం నేర్చుకుంటే సగం ఆట వచ్చినట్టే. చిక్కు ఆటల్లో ఓనమాలు దిద్దడానికి ఇంతకంటే మంచి పలక లేదు.

కంపెనీ పోయింది, ఆట మిగిలింది

సినిమా హిట్టా ఫ్లాపా అన్నది మొదటివారం కలెక్షన్లు చెబుతాయంటారు. ఆటకి మాత్రం అది చాలదు. హీరోస్ మూడో భాగాన్ని విడుదల చేసిన త్రీడీఓ కంపెనీ 2003లో దివాలా తీసింది. ఆ పేరు మీది హక్కుల్ని యూబీసాఫ్ట్ అనే సంస్థ 13 లక్షల డాలర్లకు కొనుక్కుంది. 2015లో ఈ ఆటకే బొమ్మలు శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసింది. కానీ 1999లో, 2000లో వచ్చిన రెండు అదనపు భాగాలూ అందులో లేవు. వాటి అసలు ప్రోగ్రాం దొరకలేదు! నెగెటివ్ పాడైపోయి పాత సినిమాలు కనుమరుగైన కథలు మనకి కొత్తేం కాదు కదా.

అయినా ఆట చావలేదు. అభిమానులు ఊరుకోలేదు. 'హార్న్ ఆఫ్ ది అబిస్' అనే పేరుతో 2011లో కొందరు అభిమానులు తామే ఓ కొత్త కోట కట్టి ఆటకి జతచేశారు. సముద్రపు దొంగల కోట అది. ఆ తర్వాత ఫ్యాక్టరీ అనే ఇంకో కోట చేర్చారు. అంటే విడుదలైన దాదాపు పాతికేళ్లకి ఆ సినిమాకి ప్రేక్షకులే కొత్త రీలు తీసి అతికించారన్నమాట! బొమ్మలు పాతబడతాయి. సంగీతం పాతబడుతుంది. పద్ధతిగా అల్లిన నియమాలు మాత్రం పాతబడవు. పులిజూదం పాతబడిందా చెప్పండి?

సరే, ఇంతసేపూ నేను చెప్పాను. ఇప్పుడు వంతు మీది. ఇవ్వాళ రెండో వారం 5వ రోజు. కోట గోడలన్నీ కట్టి ఉన్నాయి, రోజుకి 2,000 వస్తోంది, బొక్కసంలో 10,000 బంగారం. శత్రువు 4 రోజుల దూరంలో కనిపించాడు. కేపిటల్ కడతారా, సైన్యం కొంటారా? కడితే 5 రోజులకి గానీ సొమ్ము తిరిగి రాదు. కొంటే ఆ దుమ్ము చూసి శత్రువు దారి మళ్లి మీ గనుల మీద పడొచ్చు. మధ్యలో 1వ రోజు ఒకటి వస్తోంది, దాన్ని మరిచిపోకండి.

ఆలోచించుకోండి. తొందరేం లేదు!